గ్రిడ్‌లో కనపడే వరసలు, వెనక ఉండే లెక్కలు

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చా. ఫిబ్రవరి నెల, సీజన్ మంచి ఊపు మీదుంది, సాయంత్రం కాటాలన్నీ అయిపోయాక గుమస్తా గారు రోజు లెక్క క్లోజ్ చేద్దామని బటన్ నొక్కితే వచ్చిన టోటల్ ఆయన చేతి పుస్తకంలో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. ఫోన్ చేసి "బాబూ, పొద్దుట్నుంచి 214 టిక్కీలు తూకం వేశాం, నీ కంప్యూటరేమో 90 అంటంది, మిగతావి ఎటు పోయినయ్" అన్నారు. టిక్కీ అంటే మిర్చి బస్తా. అప్పటికప్పుడు బండేసుకుని వెళ్లా. చూస్తే సంగతి చిన్నదే. మధ్యాహ్నం ఎవరో ఖరీదుదారు అడిగాడని గ్రిడ్‌లో, అంటే స్క్రీన్ మీద వరసలు, గడులుగా డేటా చూపించే పట్టికలో, తేజ రకం ఒక్కటే కనపడేట్టు ఫిల్టర్ పెట్టారు, తర్వాత తీయలేదు. నా కోడేమో గ్రిడ్‌లో ఒక్కో రో మీదుగా తిరుగుతూ టిక్కీలు కూడుతోంది. కనపడినవే కూడింది, 334 రకం, బాడిగ, తాలు అన్నీ ఫిల్టర్ వెనకే ఉండిపోయినయ్. ఆయన చేసిన తప్పేం లేదు, స్క్రీన్ మీద కనపడేదాన్నే డేటా అనుకుని నేను రాసిన కోడ్ తప్పు.

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసే మన కుర్రాళ్లు డేటా గ్రిడ్ దగ్గర పడే కష్టాల్లో చాలా భాగం ఈ ఒక్క చోటునుంచే పుడతాయని నాకు గట్టి నమ్మకం. స్క్రోల్ చేస్తే ఆగిపోతోంది, సేవ్ కొడితే ఆఖరి సెల్ పోయింది, సార్ట్ చేస్తే 9 కంటే 10 ముందొచ్చింది, పైసల్లో తేడా వచ్చింది, ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనపడతాయి గానీ తీగ లాగితే అన్నీ ఒకే డొంకలోంచి వస్తాయి. గ్రిడ్ ఒక కిటికీ. గుంటూరు బస్టాండ్‌లో బెజవాడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే కాజ టోల్‌గేట్, మంగళగిరి కొండ అన్నీ ఆ ఒక్క అద్దంలోనే ఒకదాని తర్వాత ఒకటి కనపడతాయి కదా, అద్దంలో ఏదీ ఉండదు, అద్దం మూసినంత మాత్రాన మంగళగిరి ఎటూ పోదు. నేను కూడింది అద్దంలో కనపడినవాటిని, ఊళ్లని కాదు.

మనకి ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6తో నేర్చుకున్నవాళ్లు మన దగ్గర బోలెడుమంది, బ్రాడీపేట, అరండల్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో చాలాకాలం అదే చెప్పారు. అందులో ఎంఎస్ ఫ్లెక్స్‌గ్రిడ్ అని ఒకటుండేది, దాంట్లో ఈ రో, ఈ కాలమ్ అని చెప్పి టెక్స్ట్ మనమే కుక్కాలి, సెల్‌లో టైప్ చేయడానికి కుదిరేది కాదు కాబట్టి పైన ఒక టెక్స్ట్‌బాక్స్‌ని తేలేసి, ఎంటర్ కొట్టగానే దాంట్లోది సెల్‌లోకి పడేసేవాళ్లం. అక్కడ నిజంగానే గ్రిడ్డే గోడౌన్. ఆ చేత్తోనే మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్‌లోకి వచ్చాం, అందులో స్క్రీన్లు కట్టడానికి విండోస్ ఫారమ్స్, డబ్ల్యూపీఎఫ్ లాంటి పద్ధతులున్నాయి. 2005లో విండోస్ ఫారమ్స్‌కి డేటాగ్రిడ్‌వ్యూ వచ్చింది, 2010లో డబ్ల్యూపీఎఫ్‌లోకి దాని సొంత డేటాగ్రిడ్ చేరింది, ఇటు జావా స్వింగ్‌లో జేటేబుల్, అటు క్యూటీ 4లో క్యూటేబుల్‌వ్యూ, ఎవరిది చూసినా చూపించేది వేరు, దాచేది వేరు అన్న ఏర్పాటే. జేటేబుల్‌కి టేబుల్ మోడల్ ఇవ్వాలి, క్యూటేబుల్‌వ్యూకి ఐటమ్ మోడల్ ఇవ్వాలి. డేటాగ్రిడ్‌వ్యూ మాత్రం రెండు రకాలుగానూ ఒప్పుకుంటుంది, బైండ్ చేయొచ్చు లేదా పాత పద్ధతిలో రోలు మనమే కుక్కుకోవచ్చు, అలా ఒప్పుకోవడమే మన కొంప ముంచింది. నేర్చుకునేటప్పుడు కుక్కడం తేలిక, అయిదు నిమిషాల్లో పని కనపడిద్ది, ఆ తర్వాత దాన్ని వదల్లేం.

బైండ్ చేయడం అంటే ఏం లేదు, లాట్ అని ఒక క్లాస్ రాసుకుంటాం, అందులో రైతు పేరు, రకం, టిక్కీలు, తూకం, క్వింటా రేటు ఉంటాయి, అలాంటి లాట్‌లు రోజుకి ఎన్నొస్తే అన్ని ఒక లిస్టులో ఉంటాయి, ఆ లిస్టుని గ్రిడ్‌కి చూపిస్తాం. మధ్యలో బైండింగ్ సోర్స్ అని ఒక మనిషి ఉంటాడు, ఇప్పుడు ఏ రో మీద ఉన్నాం లాంటివి వాడు చూసుకుంటాడు. ఇక్కడ కొత్తవాళ్లు తగులుకునేది ఒకటుంది. మామూలు లిస్టులో కొత్త లాట్ వేస్తే గ్రిడ్‌కి తెలియదు, ఎందుకంటే లిస్టు ఎవరికీ కబురు చెప్పదు. బైండింగ్‌లిస్ట్ అయితే చెప్తుంది. అలాగే లాట్ లోపల రేటు మారితే ఆ లాట్ తనంతట తాను నోటిఫై చేయాలి, ఐనోటిఫైప్రాపర్టీఛేంజ్డ్ అనే ఇంటర్‌ఫేస్ ఉన్నది దానికే. ఈ కబుర్ల ఏర్పాటు లేకపోతే ప్రతిసారీ డేటాసోర్స్‌ని, అంటే గ్రిడ్‌కి చూపించిన లిస్టుని, నల్ (ఖాళీ) చేసి మళ్లీ పెట్టడం, అప్పుడు స్క్రోల్ పైకి పోవడం, సెలక్షన్ ఎగిరిపోవడం, వాడేవాళ్లు విసుక్కోవడం. ఈ నల్ చేసి మళ్లీ పెట్టే లైను మీ కోడ్‌లో కనపడితే అక్కడ ఏదో ఒక కబురు అందట్లేదని లెక్క.

ఇక స్పీడు. దీనిమీద మాత్రం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే "గ్రిడ్ స్లో, వేరేది కొందాం" అనే మాట ఎక్కువ వినపడేది ఇక్కడే.

మనూళ్లో పెళ్లి భోజనాలు తీసుకోండి. వెయ్యి మంది వస్తారు, డైనింగ్ హాల్లో కుర్చీలు మాత్రం వంద. ఒక బంతి లేవగానే విస్తళ్లు తీసేసి, బల్ల తుడిచి, కొత్త విస్తళ్లు వేసి రెండో బంతిని కూర్చోబెడతారు. వెయ్యి మందికీ వెయ్యి కుర్చీలు ఎవరూ తెప్పించరు. గ్రిడ్‌లో వర్చువలైజేషన్ అంటే ఇదే. స్క్రీన్ మీద ఒకేసారి కనపడేది 30 రోలు, 12 కాలమ్‌లు అనుకుందాం, అంటే 360 సెల్స్. సీజన్ మొత్తం మీద 50,000 లాట్‌లు ఉంటే 6 లక్షల సెల్స్ అవుతాయి. మంచి గ్రిడ్ ఆ 360 కుర్చీలే వేసుకుని, మీరు స్క్రోల్ చేసే కొద్దీ పైన లేచిపోయిన రోల కుర్చీల్లో కింద కొత్తగా వచ్చేవాళ్లని కూర్చోబెడుతుంది. డబ్ల్యూపీఎఫ్‌లో ఇది మరీ ముఖ్యం, అక్కడ ప్రతి సెల్లూ ఒక పూర్తి కంట్రోల్, దాని లోపల బార్డర్, టెక్స్ట్‌బ్లాక్ లాంటివి ఇంకో రెండుమూడు ఉంటాయి, 6 లక్షల సెల్స్ నిజంగా తయారుచేయాల్సి వస్తే మెషిన్ కూర్చుండిపోద్ది.

అయితే ఈ బంతి పద్ధతిని మనకి తెలియకుండానే మనం చెడగొట్టేస్తాం. డబ్ల్యూపీఎఫ్‌లో డేటాగ్రిడ్‌ని తీసుకెళ్లి, లోపలివాటిని ఒకదాని కింద ఒకటి పేర్చే స్టాక్‌ప్యానెల్‌లో పెట్టామనుకోండి, స్టాక్‌ప్యానెల్ దాని పిల్లలకి "మీకెంత ఎత్తు కావాలంటే అంత తీసుకోండి" అంటుంది, గ్రిడ్ అది నమ్మి హాలు ఎంత పొడుగైనా ఉందనుకుని 50,000 రోలకీ కుర్చీలు వేసేస్తుంది. కోడ్‌లో ఒక్క లైను కూడా తప్పు ఉండదు, డేటా రావడం కూడా క్షణాల్లో వచ్చిద్ది, విండో తెరుచుకోవడానికి మాత్రం టీ తాగి రావచ్చు. గ్రిడ్‌ని స్క్రోల్‌వ్యూయర్‌లో చుట్టినా ఇదే జరుగుద్ది. దాన్ని తీసి ఎత్తుకి హద్దు ఉండే లేఅవుట్‌లో, అంటే స్టార్ ఎత్తు (మిగిలిన చోటంతా) ఇచ్చిన లేఅవుట్ రోలో పెడితే చాలు. విండోస్ ఫారమ్స్‌లో అయితే ఇంకో రకం, కాలమ్ వెడల్పు దానంతట అదే సర్దుకోవాలని ఆల్ సెల్స్ అనే సెట్టింగ్ పెడతాం, అప్పుడు గ్రిడ్ కనపడే రోలతో ఆగకుండా ప్రతి రోనీ పలకరించి నీ పేరు ఎంత పొడుగు అని అడగాల్సి వచ్చిద్ది. డిస్‌ప్లేడ్ సెల్స్ అని మారిస్తే కనపడేవాళ్లనే అడుగుద్ది. షాపులో పాత మెషిన్ మీద నేను మార్చింది ఈ ఒక్క సెట్టింగే, గుమస్తా గారు కొత్త కంప్యూటర్ తెచ్చారా అని అడిగారు.

రెండో బంతి కూర్చునేటప్పుడు బల్ల తుడవకపోతే ముందువాళ్ల పచ్చడి మరక అక్కడే ఉంటుంది కదా, గ్రిడ్‌లోనూ అచ్చం అలాంటి బగ్గే ఒకటి ఉంది. డబ్బు కట్టని ఖరీదుదారు రో ఎర్రగా చూపించాలని, రో స్క్రీన్ మీదకి వచ్చేటప్పుడు నడిచే లోడింగ్‌రో ఈవెంట్‌లో "బాకీ ఉంటే ఎరుపు" అని రాస్తాం, లేకపోతే ఏం చేయాలో రాయం. స్క్రోల్ చేస్తుంటే బాకీ లేనివాళ్లు కూడా అక్కడక్కడా ఎర్రగా కనపడతారు, పైకి కిందకి తిప్పితే వేరేవాళ్లు ఎర్రబడతారు. డేటా చెడిపోయిందేమో అని రాత్రంతా డేటాబేస్ వెతికినవాళ్లని చూశా. డేటా చెక్కుచెదరలేదు, పాత కుర్చీ రంగు కొత్త మనిషికి అంటుకుందంతే. ఎల్స్ రాసి మామూలు రంగు తిరిగి ఇవ్వాలి, లేదంటే రంగుని కూడా డేటాకే బైండ్ చేయాలి, రెండోదే నయం.

మరీ పెద్ద డేటా అయితే డేటాగ్రిడ్‌వ్యూలో వర్చువల్ మోడ్ ఉంది, రోలు ఎన్నో సంఖ్య మాత్రం చెప్తాం, ఫలానా సెల్ గీయాల్సి వచ్చినప్పుడు గ్రిడ్డే సెల్‌వాల్యూనీడెడ్ అనే ఈవెంట్‌తో వచ్చి అడుగుద్ది, అప్పుడు మన దగ్గరున్న దాంట్లోంచి తీసి ఇస్తాం. బాగుంటుంది గానీ ఆ ఈవెంట్ లోపల డేటాబేస్‌కి క్వెరీ కొట్టకూడదు, ఒక్క స్క్రోల్‌కి వందలసార్లు పిలుస్తుంది. కొన్ని పేజీలు ముందే తెచ్చి పక్కన పెట్టుకోవాలి. అసలు షాపు స్థాయిలో దీని అవసరం చాలా అరుదు, ఎందుకంటే గుమస్తా ఎవరూ 50,000 లాట్‌లు కళ్లతో చూడరు, ఇవాళ్టివి, నిన్నటివి, ఫలానా రైతువి చూస్తారు. తేదీ, పేరు ముందే అడిగి డేటాబేస్ నుంచే తక్కువ తెస్తే గోలే ఉండదు.

సార్టింగ్ సంగతి రెండు ముక్కల్లో. లాట్ నంబర్‌ని టెక్స్ట్‌గా పెడితే 10, 100, 9 అని వస్తుంది, నంబర్‌గా పెడితే సరిగ్గా వస్తుంది, డేటా టైపు సరిచేయాలి గానీ సార్ట్ కోడ్‌తో కుస్తీ పట్టకూడదు. బైండింగ్‌లిస్ట్‌ని ఉన్నదున్నట్టు వాడితే హెడర్ మీద నొక్కినా ఏం కదలదు, దాంట్లో సార్టింగ్ సపోర్ట్ మనమే రాయాలి. పేజీలు పేజీలుగా తెచ్చుకుంటున్నప్పుడు హెడర్ నొక్కితే చేతిలో ఉన్న పేజీ ఒక్కటే సార్ట్ అవుద్ది, చూసేవాళ్లు మొత్తం సార్ట్ అయిందనుకుంటారు, "ఎక్కువ రేటు ఎవరికి పడింది" అని చూసి తప్పు పేరు చెప్తారు. అక్కడ సార్ట్ డేటాబేస్‌లోనే జరగాలి.

ఎడిటింగ్ దగ్గర అందరికీ ఒకసారైనా అనుభవం అయ్యుంటది, రేటు కొట్టి వెంటనే పైన టూల్‌బార్‌లో సేవ్ నొక్కితే అన్నీ సేవ్ అయి ఆఖరిది మాత్రం పాతదే ఉంటుంది. ఎందుకంటే మనం కొట్టిన అంకె మూడు గడపలు దాటాలి. మొదట అది సెల్‌ మీద తాత్కాలికంగా తెరుచుకున్న టెక్స్ట్‌బాక్స్‌లో ఉంటుంది, సెల్ వదిలి పక్కకి జరిగితే లాట్ ఆబ్జెక్ట్‌లోకి పోతుంది, సేవ్ కొడితే అక్కడినుంచి డేటాబేస్‌కి. మామూలు బటన్ నొక్కితే ఫోకస్ గ్రిడ్‌ని వదిలి బటన్ మీదకి వెళ్తుంది కాబట్టి మొదటి గడప దానంతట అదే దాటేస్తది. టూల్‌బార్ (టూల్‌స్ట్రిప్) బటన్ ఫోకస్ తీసుకోదు, సెల్ ఇంకా తెరిచే ఉంటుంది, అంకె మొదటి గడప దగ్గరే నిలబడి ఉండిపోతుంది. విజువల్ స్టూడియో డిజైనర్ తానే రాసిచ్చే సేవ్ కోడ్ చూడండి, మొదట వాలిడేట్, తర్వాత బైండింగ్ సోర్స్ మీద ఎండ్‌ఎడిట్, ఆ తర్వాతే అప్‌డేట్ ఉంటుంది. ఆ మొదటి రెండు లైన్లు ఎందుకో తెలియక తీసేసేవాళ్లు ఉన్నారు. చెక్‌బాక్స్ కాలమ్‌ది కూడా ఇదే కథ, టిక్ పెట్టినా సెల్ వదిలేదాకా విలువ మారదు, వెంటనే మారాలంటే కరెంట్‌సెల్‌డర్టీస్టేట్‌ఛేంజ్డ్ ఈవెంట్‌లో కమిట్ఎడిట్ పిలవాలి.

డేటాబేస్ నుంచి తెచ్చిన రోలని మెమరీలో ఉంచుకునే డేటాటేబుల్ వాడేవాళ్లకి ఇంకోటి. ప్రతి రోకీ ఇది కొత్తదా, మారిందా, తీసేసిందా అని ఒక స్టేట్ ఉంటుంది, డేటాటేబుల్‌కీ డేటాబేస్‌కీ మధ్య మోసే అడాప్టర్ దాన్ని చూసే డేటాబేస్‌లో మార్పులు చేస్తుంది. అప్‌డేట్‌కి ముందే యాక్సెప్ట్‌ఛేంజెస్ పిలిస్తే పేరు చూసి సేవ్ అయిపోయిందనుకుంటాం, నిజానికి "ఏం మారలేదు" అని అన్నిటిమీదా ముద్ర కొట్టేసినట్టు, అడాప్టర్‌కి చేయడానికి పనే ఉండదు, ఎర్రర్ కూడా రాదు. సీజన్‌లో రెండు సిస్టమ్‌ల మీద ఇద్దరు కూర్చునే షాపుల్లో అయితే ఒకే లాట్‌ని ఇద్దరూ తెరిచి, ఒకరు తూకం, ఒకరు రేటు మార్చి సేవ్ కొడితే వెనక కొట్టినవాళ్లది ముందువాళ్లది తుడిచేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, రో మారినప్పుడల్లా దానంతట అదే మారే రోవెర్షన్ కాలమ్ ఒకటి పెట్టి, నేను చదివినప్పుడు ఉన్న వెర్షనే ఇప్పుడూ ఉంటేనే మార్చు అని అప్‌డేట్ రాస్తే, సున్నా రోలు మారినయ్ అన్నప్పుడు మధ్యలో ఎవరో ముట్టుకున్నారని తెలుస్తుంది. అప్పుడు రెండు విలువలూ పక్కపక్కన చూపించి మనిషినే అడగాలి, ప్రోగ్రాం తనంతట తాను నిర్ణయించకూడదు, అది రైతు డబ్బు.

పైసల తేడా కూడా ఇక్కడిదే. గ్రిడ్‌లో రెండు దశాంశాలు చూపించమని ఫార్మాట్ పెడతాం, లోపల ఉన్న విలువ మాత్రం పొడుగ్గా అలాగే ఉంటుంది. ఒక్కో లాట్‌కి 1,204.334 వచ్చిందనుకోండి, స్క్రీన్ మీద 1,204.33 కనపడుద్ది, అలాంటివి మూడు కూడితే కంప్యూటర్ 3,613.00 అంటుంది, పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) చేతికి తీసుకున్న రైతు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి కూడితే 3,612.99 వస్తుంది. ఒక్క పైసానే గదా అని మనకుంటుంది, కానీ పట్టీలో కూడిక తప్పు కనపడితే ఆయనకి తూకం మీదా అనుమానం వచ్చిద్ది, రావాలి కూడా. లాట్ దగ్గరే రౌండ్ చేసి ఆ రౌండ్ చేసిన విలువనే దాచాలి, టైపు డెసిమల్ ఉండాలి, దశాంశాలని ఉజ్జాయింపుగా దాచే డబుల్ కాదు. కామాలు మనకి లక్షల్లో పడాలంటే కల్చర్ (ఏ దేశం పద్ధతిలో చూపించాలో చెప్పే సెట్టింగ్) ఇండియాది పెట్టుకోవాలి, లేకపోతే 100,000 అని చూపిస్తది.

తెలుగు పేర్ల గురించి చెప్పకపోతే మన ఊళ్లో ఈ వ్యాసం రాసి ఉపయోగం లేదు. రో ఎత్తు ఇంగ్లీషు ఫాంట్‌ని చూసి పెట్టింది ఉంటుంది, తెలుగులో పేరు పడగానే కింద వత్తులు తెగిపోతాయి, వెంకటేశ్వర్లులో వ వత్తు, ల వత్తు సగమే కనపడి చదవడానికి ఇబ్బంది. నిర్మలా యూఐ ఫాంట్ విండోస్ 8 నుంచి సిస్టమ్‌లోనే వస్తోంది, అది పెట్టి రో టెంప్లేట్ ఎత్తు కాస్త పెంచితే సరిపోద్ది. పాత డేటా అను ఫాంట్లలో ఉంటే మాత్రం అది యూనికోడ్ కాదు, లోపల ఇంగ్లీషు గుర్తులే ఉంటాయి, ఫాంట్ వేసుకుని తెలుగులా కనపడతాయంతే, అక్షరక్రమంలో సార్ట్ అవ్వవు, వెతికితే దొరకవు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకుని అప్పుడు గ్రిడ్ జోలికి రావాలి.

వీటన్నిటికంటే గుమస్తా గారు నాతో ఎక్కువసేపు మాట్లాడింది ఎంటర్ గురించి. డేటాగ్రిడ్‌వ్యూలో ఎంటర్ కొడితే కింద రోకి పోతుంది. ఆయన చెయ్యి ఏళ్ల తరబడి టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్‌కి అలవాటుపడింది, ఎంటర్ అంటే తర్వాతి గడి. "నేను స్క్రీన్ చూడను బాబూ, కాటా చీటీ చూసి కొడతా, తలెత్తి చూసేసరికి రేట్లన్నీ తూకాల్లో పడ్డయ్" అన్నారు. కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ మీద, ఎడంచేతి వేలు చీటీ మీద, మౌస్ అనేది లెక్కలోనే లేదు. గ్రిడ్ క్లాస్‌ని ఇన్‌హెరిట్ చేసి ప్రాసెస్‌డైలాగ్‌కీ, ప్రాసెస్‌డేటాగ్రిడ్‌వ్యూకీ అనే రెండు మెథడ్లు మార్చాలి, మొదటిది సెల్‌లో టైప్ చేస్తున్నప్పటికి, రెండోది ఊరికే సెల్ మీద ఉన్నప్పటికి, ఒక్కటే మారిస్తే సగంసార్లే పనిచేస్తది. కమీషన్, హమాలీ లాగా వాటంతట అవే వచ్చే గడుల మీద ఆగకుండా దూకి, రేటు తర్వాత నేరుగా కొత్త రో మొదటి గడికి పోవాలి. తప్పు పడితే మెసేజ్ బాక్స్ పెట్టొద్దు, స్క్రీన్ చూడని మనిషి తర్వాత కొట్టే ఎంటర్‌తోనే అది మూసుకుపోద్ది, ఆయనకి తప్పు జరిగిందనే తెలియదు. ఆ గడి దగ్గరే ఆపి, ఎర్రర్ గుర్తు చూపించి, చిన్న శబ్దం ఇవ్వాలి. ఇదంతా రెండు రోజుల పని, సాఫ్ట్‌వేర్ మొత్తంలో ఆయన మెచ్చుకున్నది ఈ రెండు రోజుల్నే.

డెవ్‌ఎక్స్‌ప్రెస్, టెలెరిక్, సింక్‌ఫ్యూజన్, ఇన్‌ఫ్రాజిస్టిక్స్ వాళ్ల గ్రిడ్లు కొనాలా అంటే, రకం వారీగా గ్రూపులు, కింద టోటల్ వరస, ఎక్సెల్‌కి పంపడం, హెడర్ కింద ఫిల్టర్ గడులు, ఇవన్నీ కావాలంటే కొనండి, అవి సొంతంగా రాస్తే నెలలు పడతాయి, డేటాగ్రిడ్‌వ్యూలో టోటల్ వరస కూడా లేదు. సింక్‌ఫ్యూజన్‌కి చిన్న సంస్థలకి ఉచిత కమ్యూనిటీ లైసెన్స్ ఉంది, షరతులు చదువుకుని చూడండి. స్పీడు కోసమో, లెక్క తప్పుతోందనో మాత్రం కొనొద్దు. గ్రిడ్ రోల మీద తిరిగి కూడే కోడ్‌ని ఎంత ఖరీదైన గ్రిడ్ మీద పెట్టినా ఫిల్టర్ పెట్టగానే 214 టిక్కీలు మళ్లీ 90 అయిపోతాయి.

మీ ప్రోగ్రాం ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఒక కాపీ తీసుకుని ఫారం మీదనుంచి గ్రిడ్‌ని డిలీట్ చేసి కంపైల్ కొట్టండి. గ్రిడ్‌ని అలంకరించే కోడ్‌లో ఎర్రర్లు వస్తే పర్లేదు. టోటల్‌లో, సేవ్‌లో, పట్టీ ప్రింట్‌లో ఎర్రర్లు వస్తే అవి సరిచేయాల్సినవి. నాకు ఆ మూడు చోట్లా వచ్చినయ్, పట్టీ ప్రింట్‌లో అయితే కాలమ్ నంబర్ 7 అని రాసి ఉంది, రేపు మధ్యలో ఇంకో కాలమ్ చేరిస్తే ఏమవుతుందా అని అది చూశాకే ఆలోచించా. అన్నీ లాట్‌ల లిస్టు మీదకి మార్చడానికి రెండు రాత్రులు పట్టింది. ఈ సీజన్‌లో షాపు ఓనర్ గారు కాటా దగ్గర ఒక టీవీ పెట్టించి, ఏ రైతువి ఎన్ని టిక్కీలు తూకం అయినయ్ అక్కడే కనపడాలన్నారు. అదే లిస్టుకి ఇంకో గ్రిడ్ తగిలించా, అక్షరాలు పెద్దవి చేశా, మధ్యాహ్నం భోజనానికి ముందు మొదలుపెడితే సాయంత్రం కాటాలకి టీవీ వెలుగుతోంది. లోపల గుమస్తా గారు తేజ ఫిల్టర్ పెట్టుకుని ఉన్నారు, బయట టీవీలో అన్ని రకాలూ కనపడుతున్నయ్.